చూపు రోడ్డు మీదే ఉండాలి: మోటార్‌సైకిల్‌కు జీపీఎస్ ఎంపిక

శ్రోతలకు నమస్కారం.

మోటార్‌సైకిల్‌కు దారి చూపే పరికరం కొనాలనుకునేవారు దుకాణంలో మొదట అడిగేది తెర ఎంత పెద్దదని. ఆ తర్వాత ధర అడుగుతారు. ఈ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా గట్టి నమ్మకం. ఈ పరికరం నా చూపును రోడ్డు మీద నుంచి ఎంతసేపు తప్పిస్తుంది? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. రెండు సెకన్లు తల వంచి తెర చూస్తే, 33 మీటర్ల రోడ్డును చూడకుండానే దాటినట్టు. ఆ కాస్త దూరంలో రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ ఉండవచ్చు, టిప్పర్ నుంచి జారిన ఇసుక ఉండవచ్చు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉండవచ్చు. కారులో ఉన్నవారికి అది ఒక కుదుపు మాత్రమే. రెండు చక్రాల మీద ఉన్నవారు పడిపోతారు. అందుకే కారుకు పనికొచ్చే లెక్కలు బండికి పనికిరావు. ఎంత తక్కువగా చూసి, ఎంత ఎక్కువగా తెలుసుకోగలమన్నదే ఇక్కడ కొలమానం.

ముందుగా చాలామందికి ఉన్న ఒక అపోహ తొలగించాలి. ఫోనులో సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుందనుకుంటారు. జీపీఎస్ ఉపగ్రహాలు మనకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమలోని పరమాణు గడియారాల సమయాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. మన పరికరం చేసేది ఆ ప్రసారాన్ని వినడమే. మీరు ఇప్పుడు ఈ రేడియో వింటున్నట్టే అదీ వింటుంది, తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాల ప్రసారం అందితే తాను ఎక్కడున్నదీ లెక్క వేసుకుంటుంది. దీనికి సెల్ టవర్‌తో పనిలేదు. అమెరికా వారి జీపీఎస్‌తో పాటు రష్యా, ఐరోపా, చైనా దేశాల వ్యవస్థలూ ఉన్నాయి. మన దేశానికి సొంతంగా నావిక్ ఉంది. దాని తొలి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. ఒకటికన్నా ఎక్కువ వ్యవస్థలను అందుకోగల పరికరమైతే, కొండల నడుమ ఆకాశం సన్నని చీలికలా కనిపించే చోట కూడా కావలసినన్ని ఉపగ్రహాలు దొరికే అవకాశం ఎక్కువ.

మరి నల్లమలలో ఫోను ఎందుకు తెల్లబోతుంది? మన్ననూరు దాటి శ్రీశైలం వైపు సాగితే చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. అప్పుడు మనం పోగొట్టుకునేది స్థానాన్ని కాదు, మ్యాపును. ఫోను మ్యాపును ఇంటర్నెట్ నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఆ ముక్కలు రాకపోతే ఖాళీ తెర మీద ఒక నీలి చుక్క మిగులుతుంది. కాబట్టి ఏ పరికరం కొన్నా, మ్యాపు మొత్తం దాని లోపలే ఉంటుందా, లేక ముందుగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుందా అన్నది తప్పక తేల్చుకోవాలి. ఫోను వాడేవారు ఇంకొకటి గమనించాలి. ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే వివరాలను ఫోను నెట్‌వర్క్ సాయంతో చిటికెలో తెచ్చుకుంటుంది. ఆ సాయం లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి. అది సెకనుకు 50 బిట్ల చొప్పున మాత్రమే వస్తుంది. ఒక ఉపగ్రహం సొంత వివరాలకు అర నిమిషం, అన్ని ఉపగ్రహాల స్థూల పట్టికకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అడవి మధ్యలో ఆగి ఫోను ఆన్ చేసి విసుక్కునే బదులు, సిగ్నల్ ఉన్న ఊళ్లోనే గమ్యం పెట్టుకుని బయలుదేరడం మంచిది.

ఇక ఎంపికకు వద్దాం. అందరి జేబులో ఉన్న ఫోనుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మనలో చాలామందికి అదే సరిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ద్విచక్ర వాహనాల కోసం ప్రత్యేక విభాగం 2017 డిసెంబరులో మొదట మన దేశంలోనే వచ్చింది. కారు పట్టని సందుల్లోంచి కూడా అది దారి చూపుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, ముందు ట్రాఫిక్ ఎలా ఉందో చెబుతుంది. ఊళ్లో తిరగడానికి దీన్ని మించినది లేదు. చిక్కంతా దాన్ని ఎండలోనూ వానలోనూ హ్యాండిల్‌కు బిగించినప్పుడు మొదలవుతుంది.

ఐఫోన్ల వాడకానికి తయారీదారు సూచించే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే అంతకు మించి ఉంటుంది. నేరుగా ఎండ పడుతుంటే, పైగా చార్జింగ్ కూడా ఎక్కుతుంటే, ఫోను తనను తాను కాపాడుకోవడానికి ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది, ఆఖరికి పనే మానేస్తుంది. వానలో ఇంకో తంటా. తెర మీద పడిన చినుకులను వేలి స్పర్శ అనుకుని మ్యాపు తనంత తానే జరిగిపోతుంది. ప్లాస్టిక్ సంచిలో పెడితే వాన ఆగుతుంది కాని లోపల వేడి పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రకంపన. ఎక్కువ శక్తి గల మోటార్‌సైకిల్ ఇంజిన్ల ప్రకంపనలు హ్యాండిల్ ద్వారా తగిలితే కెమెరాలోని స్థిరీకరణ వ్యవస్థ దెబ్బతినవచ్చని 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థే హెచ్చరించింది. ఆ కెమెరాలో లెన్సు సన్నని ఆధారాల మీద తేలుతూ ఉంటుంది, చేయి వణికితే దానికి ఎదురుగా కదులుతుంది. రోజంతా వణికే హ్యాండిల్‌ను అది తట్టుకోలేదు. కాబట్టి ఫోను బిగించుకునేవారు ప్రకంపనలను పీల్చే రబ్బరు దిమ్మ ఉన్న మౌంట్‌నే కొనండి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను ఉంటే ఇంకా మేలు. మ్యాపులు నింపి, బండికి దాన్నే కేటాయించండి. మంచి ఫోను జేబులో క్షేమంగా ఉంటుంది, అవసరమైతే ఎవరికైనా కబురు చేయడానికి దాని బ్యాటరీ మిగిలి ఉంటుంది. నన్నడిగితే నేను మొదట ఇచ్చే సలహా ఇదే.

రెండో రకం మోటార్‌సైకిల్ కోసమే చేసిన పరికరాలు. గార్మిన్ వారి జూమో, టామ్‌టామ్ వారి రైడర్ ఈ కోవలోవి. జూమో ఎక్స్‌టీ2 అనేది 2023లో సుమారు 600 డాలర్ల ధరతో, ఆరు అంగుళాల తెరతో వచ్చింది. ఈ డబ్బుతో మనం కొనేది మ్యాపును కాదు, మొండితనాన్ని. నడి ఎండలోనూ కనిపించే తెర, చేతి తొడుగులు తీయకుండానే నొక్కగలిగే వీలు, వానకు చెదరని ఒళ్లు, బండి నుంచే కరెంటు తీసుకునే గూడు, లోపలే దాచుకున్న పూర్తి మ్యాపు. రోజుకు ఐదారు వందల కిలోమీటర్ల చొప్పున వారాల తరబడి లదాఖ్ వైపో ఈశాన్యం వైపో వెళ్లేవారికి ఇది తగిన ఖర్చే. వారానికోసారి అనంతగిరికో హార్సిలీ హిల్స్‌కో వెళ్లొచ్చేవారు మాత్రం ఆ సొమ్ముతో మంచి హెల్మెట్, మంచి టైర్లు కొనుక్కుంటే నేను ఎక్కువ సంతోషిస్తాను.

ఇలాంటి పరికరాల్లో మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవలసిన సంగతి ఒకటుంది. అమెరికాలో, ఐరోపాలో పెద్ద పెద్ద రహదారుల మీద మోటార్‌సైకిళ్లు సాధారణంగా వెళ్లవచ్చు. మన దగ్గర అలా కాదు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే ప్రధాన మార్గం మీద 2023 ఆగస్టు 1 నుంచి నిషేధించారు. ఈ నిషేధాలు తెలియని మ్యాపు మిమ్మల్ని ధీమాగా ఔటర్ ర్యాంపు దాకా తీసుకెళ్లి నిలబెట్టగలదు. అందుకే కొనే ముందు దుకాణంలోనే శంషాబాద్ నుంచి పటాన్‌చెరుకు దారి అడిగి చూడండి. ఔటర్ ఎక్కిస్తోందా, సర్వీసు రోడ్డు చూపిస్తోందా? ఔటర్ ఎక్కిస్తుంటే, వేగ మార్గాలను, టోల్ రోడ్లను తప్పించమని చెప్పే అమరిక అందులో ఉందా? ఐదు నిమిషాల్లో తేలిపోయే ఈ పరీక్ష, పెట్టె మీద అచ్చేసిన వివరాలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

మీరు గీసుకున్న దారిని పరికరం గౌరవిస్తుందా అన్నదీ చూడాలి. రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి మారేడుమిల్లి, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్లాలని మీకు ఆశ. త్వరగా చేర్చడమే తెలిసిన సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట వైపు లాగవచ్చు. మధ్యలో ఊళ్లు చేర్చి దాన్ని దారికి తెచ్చుకున్నా, ఒక్క మలుపు తప్పితే మళ్లీ తన లెక్క మొదలుపెట్టేవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ మీద గీసుకున్న గీతను జీపీఎక్స్ అనే దారి ఫైలుగా ఎక్కించుకుని, దాన్ని మార్చకుండా తెర మీద ఉంచే పరికరం, లేదా ఓస్మ్‌అండ్ వంటి ఆప్, ఘాట్ రోడ్లను ప్రేమించేవారికి చాలా అవసరం.

మూడో రకం చిన్న గుండ్రటి డయళ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో తెచ్చిన ట్రిప్పర్ అలాంటిదే. విడిగా బిగించుకునే బీలైన్ కూడా అంతే. మ్యాపు చూపకుండా ఒక బాణం గుర్తు, మలుపుకు ఎంత దూరమో చెప్పే అంకె మాత్రమే చూపుతాయి. ఇందులో ఏముందని కొందరు పెదవి విరుస్తారు. నాకైతే ఈ పొదుపు ఎంతో నచ్చుతుంది. ఎడమకు, 200 మీటర్లు. ఒక్క చూపులో పని అయిపోయింది, కళ్లు రోడ్డు మీదికి వచ్చేశాయి. కాకపోతే వీటిని నడిపించేది జేబులోని ఫోనే. దాని చార్జింగ్ అయిపోతే డయల్ కూడా మూగబోతుంది.

ఏ రకం తీసుకున్నా బిగించే తీరు సరిగ్గా లేకపోతే అంతా వృథా. తెర ఎంత పైన ఉంటే తల అంత తక్కువ వంచుతాం. ట్యాంకు మీది సంచిలో పెట్టుకోవద్దు. మీటరు పక్కన, హ్యాండిల్ మధ్యలో, స్పీడు అంకెలను కప్పేయకుండా ఉండాలి. బిగించాక బండిని స్టాండ్ మీద నిలిపి హ్యాండిల్‌ను ఎడమకు చివరి దాకా, మళ్లీ కుడికి చివరి దాకా తిప్పి చూడండి. తీగ ఎక్కడా బిగుసుకోకూడదు, ఫోర్కుల మధ్య నలగకూడదు, క్లచ్ కేబుల్‌కు చుట్టుకోకూడదు. యూ టర్న్ తీసుకుంటున్నప్పుడు తీగ పట్టేసి హ్యాండిల్ సగంలో ఆగిపోతే బండి అక్కడే ఒరిగిపోతుంది. చార్జరు కనెక్షన్‌కు ఫ్యూజు తప్పనిసరి. అది తాళం చెవి తిప్పినప్పుడే కరెంటు అందుకునేలా ఉండాలి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే, ఏమీ చార్జ్ చేయకపోయినా కొన్ని చార్జర్లు కాస్త కరెంటు లాగుతూనే ఉంటాయి. 20 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. పది రోజుల్లో 4.8 ఆంపియర్ అవర్లు. 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది సగానికన్నా ఎక్కువ. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి సెల్ఫ్ పలకదు.

చూపును కాపాడటానికి చెవి గొప్ప తోడు. హెల్మెట్ లోపల అమర్చే పలుచని బ్లూటూత్ స్పీకర్ ఉంటే, తెర వైపు చూసే అవసరం చాలావరకు తప్పిపోతుంది. చెవి రంధ్రాన్ని మూసే ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. వెనక లారీ హారన్ వినపడకపోతే ఏ జీపీఎస్ రక్షించదు. చట్టం కూడా ఇక్కడ ఒక గీత గీసింది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, బండి నడుపుతూ ఫోను వంటివి వాడేది దారి తెలుసుకోవడానికి మాత్రమే అయి ఉండాలి, అదీ ఏకాగ్రత చెదరకుండా. అదే స్పీకర్‌లో కబుర్లు చెప్పుకోవడానికి ఈ వెసులుబాటు వర్తించదు.

పరికరాలకు తెలియనివీ ఉంటాయి. ఫ్లైఓవర్ దగ్గర మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో అది తడబడుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల పక్కన వెళ్తుంటే బాణం పైరోడ్డు మీద కనిపిస్తే కంగారుపడకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తారు. మ్యాపు చూపే చేరుకునే సమయంలో ఈ సంగతి లెక్కలోకి రాకపోవచ్చు. సాయంత్రం బయలుదేరేటప్పుడు చెక్‌పోస్టు వేళను మీరే లెక్కలో కలుపుకోండి.

చివరగా, విదేశాల్లో ఉన్న కొడుకు చేతో, కోడలి చేతో పరికరం తెప్పించుకునేవారికి రెండు జాగ్రత్తలు. ఒకటి, ఏ ప్రాంతంలో అమ్మేదాంట్లో ఆ ప్రాంతపు మ్యాపు వేసి ఉంటుంది. భారతదేశ మ్యాపు దానిలోకి ఎక్కుతుందా, ఎక్కితే విడిగా ఎంత చెల్లించాలి, ఇక్కడ వారంటీ చెల్లుతుందా అన్నవి ముందే కనుక్కోమనండి. రెండోది ఇంకా ముఖ్యం. అక్కడి దుకాణాల్లో జీపీఎస్ పక్కనే ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు కూడా అమ్ముతారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. వినడానికే పరిమితమైన జీపీఎస్‌కు మన దేశంలో సాధారణంగా అభ్యంతరం లేదు. సందేశాలు పంపేవాటిని మాత్రం ప్రభుత్వ అనుమతి లేకుండా ఇక్కడికి తేవడం, వాడటం చట్టవిరుద్ధం. వాటిని సంచిలో పెట్టుకుని వచ్చి విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడిన విదేశీ యాత్రికులు ఉన్నారు. పెట్టె మీద ఇన్‌రీచ్ అనో, ఇరిడియం అనో కనిపిస్తే అది మాత్రం తేవద్దని ఫోను చేసి చెప్పండి.