మా ఇంటి వంట అంటే ఎవరింటిది?

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దగ్గరికి లాక్కుంటా, నా గొంతు వంటింట్లోంచి మిద్దె మీదికి కేకేయడానికి సరిపోతుంది గానీ ఇంత హాలుకి సరిపోదు.

నన్ను పిలిచినోళ్లు ఫోన్ చేసి మేడం, రాయలసీమ సంప్రదాయ వంటల మీద ఒక అర్ధగంట మాట్లాడండి అన్నారు. సరేనన్నా. ఫోన్ పెట్టేసినాక భయం పట్టుకుంది. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన దాన్ని, వంటల్లో ఎక్స్‌పర్ట్‌ని కాదు, పెళ్లయ్యేనాటికి నాకు వచ్చింది రెండే, రొట్టె తట్టడం, టీ పెట్టడం. అందుకని ఇప్పుడు వంటల లిస్టు చదివి మిమ్మల్ని విసిగించను, అవన్నీ యూట్యూబ్‌లో నాకంటే బాగా చూపిస్తారు. నాకు చాలా ఏళ్ల నుంచి ఒక అనుమానం ఉంది, అది మీ ముందు పెట్టి పోతా. "మా ఇంటి వంట" అంటాం కదా, మీసం తిప్పి మరీ అంటాం, అది అసలు ఎవరింటిది?

మాది కర్నూలు పాతబస్తీ. 1991లో పెళ్లి చేసి కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లెకి పంపించినారు. మ్యాపులో చూస్తే రెండూ సీమే, పక్కపక్క జిల్లాలే. వంటింట్లో చూస్తే వేరే దేశం. మా వైపు జొన్నరొట్టె, పొద్దునా రొట్టె రాత్రీ రొట్టె, రొట్టె తట్టే చప్పుడు వింటే ఏ ఇంట్లో ఎంతమందికి చేస్తున్నారో చెప్పేయొచ్చు. అక్కడేమో సంగటి. మాటలు కూడా వేరే. వేరుశెనగల్ని మేం బుడ్డలు అంటాం, వాళ్లు చెనక్కాయలు అంటారు. పోయిన మూడో రోజు "అత్తా, బుడ్డలు యాడున్నాయి" అని అడిగితే ఆమె గూట్లో ఉన్న కిరసనాయిల్ బుడ్డి తీసి నా చేతిలో పెట్టింది. పట్టపగలు దీపం ఎందుకే ఈ పిల్లకి అని ఆడబిడ్డతో అనడం నాకు వినబడింది.

సంగటి సంగతి చెప్తా, ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. ముందు ఎసరు పెట్టి కాసిని బియ్యం నూకలు వేస్తారు. అవి మెత్తగా ఉడికినాక రాగిపిండి తెచ్చి నడిమధ్యలో కుప్పగా పోస్తారు, కలపకూడదు. కట్టెతో ఆ కుప్పకి ఒక బొక్క పెడితే అందులోంచి ఎసరు బుడబుడా పైకొచ్చి పిండిని తడుపుతుంది. మూతపెట్టి మంట తగ్గించాలి. ఎంతసేపు అంటే ఎవరూ చెప్పరు. తర్వాత గిన్నె కిందికి దించి రెండు కాళ్ల మధ్య బట్టతో అదిమి పట్టుకొని కట్టెతో కెలకాలి, భుజం ఊడిపోవాలి. చెయ్యి నీళ్లల్లో ముంచి ఆ వేడి మీదనే ముద్దలు చెయ్యాలి.

నేను ఏం చేసినానంటే, బొక్క పెట్టి మూత పెట్టి, అయిదు నిమిషాలకే దించేసి కెలికినా. చూసేదానికి బాగనే ఉంది, నల్లగా నిగనిగలాడుతా ఉంది. మా అత్త ఒక ముద్ద తీసి బొటనవేలితో మధ్యకి విరిచింది. లోపల పొడిపిండి, చిన్న చిన్న గడ్డలు, గోలీల్లాగా. ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. లేచిపోయి మొత్తం గిన్నెడు తీసకపోయి బర్రెల కుడితి తొట్లో వేసొచ్చి, మళ్లీ ఎసరు పెట్టింది. ఆ పొద్దు ఆ ఇంట్లో నాకంటే బర్రె నయం, దానికైనా తను యాడ నిలబడాలో తెలుసు.

రెండోసారి పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క ముక్కే చెప్పింది. "మూత తీసి చూడాకు, వాసన చూడు. పచ్చిపిండి వాసన పోయి కమ్మగా అవుతాది, అప్పుడు దించు." లెక్కల టీచర్ని నేను, నిమిషాలు అడుగుతున్నా, ఆమె ముక్కుతో చెప్తోంది. ఇప్పటికీ నా దగ్గర సంగటికి టైము లేదు, ముక్కే ఉంది.

ఇంతకీ నా అనుమానానికి వస్తా. మా ఆయన వాళ్లకి ఒక పప్పు ఉంది. చుక్కాకు పప్పు, దించే ముందు వేయించిన చెనక్కాయలు దంచి ఒక పిడికెడు వేసి పప్పుగుత్తితో ఎనుపుతారు. మా మామ బతికున్నంత కాలం ఇంటికి ఎవరొచ్చినా "ఇది మా ఇంటి పప్పు, మా తాతల నాటి నుంచి ఇంతే" అనేవాడు. నేను పదిహేనేళ్లు నమ్మినా. ఒకరోజు మధ్యాన్నం చింతపండు గింజలు తీస్తా కూర్చున్నప్పుడు మా అత్త నవ్వుతా చెప్పింది, ఆ పప్పు వాళ్లమ్మదంట. మా అత్త పుట్టిల్లు బళ్లారి దగ్గర పల్లె. కొత్తలో ఆ పప్పు చేస్తే వాళ్లత్త, అంటే మా ఆయన జేజి, "పప్పులో చెనక్కాయలేందిమే, ఇదేం కూడు" అని గిన్నె పక్కకి జరిపిందంట. జేజి పోయిన కొన్నేళ్లకి అదే తాతల నాటి పప్పు అయి కూర్చుంది.

అంటే చూడండి, ఇంటిపేరు మారదు, గోత్రం మారదు, వంటిల్లు మాత్రం ప్రతి ఇరవై, ఇరవై అయిదేళ్లకి ఒకసారి బయట నుంచి వచ్చిన పిల్ల చేతికి పోతుంది. వచ్చిన పిల్ల తన పుట్టింటి రుచిని కొంగులో మూటగట్టుకొని దొంగతనంగా తెస్తుంది. కొంచెం కొంచెం కలుపుతుంది. ముందు తిడతారు, తర్వాత అలవాటు పడతారు, తర్వాత మాది అంటారు. మీ ఇంట్లో తరతరాల వంట అని దేన్నంటారో దాన్ని ఒక్కసారి వెనక్కి అడుగుతా పోండి, మూడో మెట్టులో ఎవరో ఒక కోడలు దొరుకుతుంది.

బళ్లారి అన్నా కాబట్టి ఉగ్గాని గురించి చెప్పాలి. మన కర్నూల్లో, అనంతపురంలో పొద్దునే బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకపోతే తెల్లారినట్టే ఉండదు. బొరుగులు నీళ్లల్లో వేసి పిండుకొని, ఉల్లిగడ్డ పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పైన పప్పులపొడి చల్లడం. మనదే, మనదే అని ఫేస్‌బుక్‌లో కొట్టుకుంటుంటాం. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు, ఆ మాటే మన నోట్లో నలిగి ఉగ్గాని అయిందేమో అనిపిస్తుంది నాకు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చినాయి. గీత గీసినోళ్లు ఉగ్గాని బాండ్లిని అడగలేదు, అది ఇప్పటికీ రెండు పక్కలా పొంగుతానే ఉంది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. సీమ అంటే కారం అంటారు కదా. మిరపకాయ మనది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసోళ్ల ఓడల కాలంలో వచ్చింది. చెనక్కాయ కూడా మనది కాదు, దక్షిణ అమెరికాది. అనంతపురం అంటేనే చెనక్కాయ కదా, అది కూడా కోడలే, కాకపోతే ఈ కోడలు ఊరినే మింగేసింది. కొర్రలు, సజ్జలు, ఆరికలు వేసే చేలన్నీ చెనక్కాయ చేలు అయిపోయినాయి, చేతిలోకి డబ్బులు వచ్చినాయి, వాన రాని ఏడు డబ్బులూ లేవు గింజలూ లేవు. మా అత్త చిన్నప్పుడు కొర్రన్నం రోజూ, వరన్నం పండక్కే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినాక ప్రతి పూటా పండగే అయింది. నేనైతే దాన్ని తప్పనను, ఆకలి తెలిసినోళ్లు ఎవరూ అనరు. ఇప్పుడు కొర్రలకి అదే బియ్యం కంటే ఎక్కువ రేటు పెట్టి, షుగరుకి మంచిదని డాక్టరు చెప్తే కొంటున్నాం. మా అత్త ఉంటే పడిపడి నవ్వేది.

గ్యాస్ గురించి రెండు ముక్కలు. 1999లో దీపం పథకం వచ్చినాక మా ఊర్లో కూడా చానామందికి గ్యాస్ పొయ్యి వచ్చింది, పొగ పోయింది, మా అత్త దగ్గు తగ్గింది, దాని ముందు ఏ సంప్రదాయమూ గొప్పది కాదు. కానీ పొయ్యి పైకెక్కింది, మనిషి లేచి నిలబడింది. నిలబడి సంగటి కెలకలేం, గిన్నె తిరుగుతుంది. అందుకే ఇప్పటికీ మా ఇంట్లో సంగటి ఉడికేది వంటగట్టు బండ మీద, కెలికేది నేల మీద. ఆ బండ కూడా మన కడప బండే. బొంబాయిలో కూడా వంటగట్టు రాయిని కడప్పా అనే అంటారు, మా తమ్ముడు అక్కడ ఇల్లు కొన్నప్పుడు మేస్త్రీ ఆ మాట అనంగానే వీడికి కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనయిందంట. ఒక మాట, కొత్తగా బండ వేయించుకున్నోళ్లు ఎవరైనా ఉంటే వినండి, అది సున్నపురాయి జాతి, నిమ్మకాయ రసమో చింతపండు పులుసో పడి అట్లనే ఉంటే తెల్లగా మచ్చ పడుతుంది, మళ్లీ పోదు. మా గట్టు మీద పొయ్యి పక్కన అరచెయ్యంత మచ్చ ఉంది, మా పెద్దోడి పుట్టినరోజు పులిహోర అది.

ఇంక ఒకటి చెప్పాలి, ఇది చెప్పేటప్పుడు గొంతు కొంచెం అటూ ఇటూ అయితే ఏమనుకోవద్దు. 2009 అక్టోబర్ 2. ఇక్కడున్న పెద్దోళ్లందరికీ గుర్తుంటుంది. తుంగభద్ర ఊర్లోకి వచ్చింది. అప్పటికి మేం ట్రాన్స్‌ఫర్ మీద కర్నూలుకే వచ్చేసినాం, ఎత్తులో ఉన్నాం కాబట్టి బతికిపోయినాం, పాతబస్తీలో మా అమ్మ వాళ్లిల్లు మాత్రం మునిగింది. వాళ్లు మిద్దె మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు తీసినాక పోయి చూస్తే వంటిల్లు లేదు, మోకాళ్ల లోతు బురద ఉంది. ఊరగాయ జాడీలు యాడికి పోయినాయో తెలీదు, ఒకటి మాత్రం పక్కవీధిలో మూతతో సహా దొరికింది, లోపల ఆవకాయ ఎట్లుందో అట్లనే, ఎవరికీ తినడానికి మనసు రాలేదు. గిన్నెలు, స్టవ్వు, బియ్యం, పప్పులు ఏమీ లేవు. కదలకుండా ఉన్నది రోలొక్కటే.

చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో రొట్టెలు వచ్చేవి, పాత గుడ్డల్లో కట్టి, ఎవరు చేసినారో పేరుండదు. ఆ రొట్టెలు చూసి మా నాయన బుడ్డా వెంగళరెడ్డిని తల్చుకున్నాడు. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న ఉయ్యాలవాడ ఆయన, ఇప్పుడది నంద్యాల జిల్లా, 1866 కరువులో వేలమందికి గంజి పోసి, విక్టోరియా రాణి దగ్గర్నుంచి బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఈ రొట్టెలు తట్టినోళ్లకి ఎవరిస్తారమ్మా పతకం అన్నాడు నాయన.

మా అమ్మ అప్పుడు ఏం చేసిందో చెప్తా. బురద ఎత్తిపోసినాక, గిన్నెలు కొనలేదు, స్టవ్వు అడగలేదు. మా తమ్ముణ్ణి పంపించి ఎండుమిరపకాయలు, ఉప్పు, తెల్లగడ్డలు తెప్పించింది. రోలుని నాలుగుసార్లు కడిగింది, వేణ్ణీళ్లు పోసి మళ్లీ కడిగింది, కూర్చొని కారం నూరింది. ఇల్లంతా తడి వాసన, బురద వాసన, దాని మధ్యలో తెల్లగడ్డ కారం వాసన లేచింది. మా నాయన వీధిలోంచి లోపలికొచ్చి ఏమీ మాట్లాడకుండా గోడకానుకొని కూర్చున్నాడు. ఎవరింటి రొట్టెలో, మా అమ్మ కారం. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకొని అమ్మ అన్నది ఒకే మాట, "ఉప్పు చాల్లేదు." అంతవరకూ ఎవరూ ఏడవలేదు, అప్పుడు మా తమ్ముడు ఏడ్చినాడు.

ఆ రోలు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి లిఫ్టులో ఎక్కించేటప్పుడు వాచ్‌మెన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు.

అయిపోవచ్చింది, ఇంక అయిదు నిమిషాలని చీటీ పంపించినారు. పోయినేడు మా పెద్దోడికి పెళ్లి చేసినాం, పిల్లది రాజమండ్రి. మంచిపిల్ల. వచ్చిన వారానికి వంకాయ పులుసు చేసింది, అందులో బెల్లం వేసింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నా, పులుసు తియ్యగా ఉంది. నా చెయ్యి దానంతట అదే గిన్నెని పక్కకి జరపబోయింది. నిజంగా చెప్తున్నా, రెండు ఇంచులు జరిపినా కూడా. అప్పుడు ఎందుకో ఆ కుడితి తొట్టి గుర్తొచ్చింది, చెనక్కాయల పప్పు గుర్తొచ్చింది. గిన్నె మళ్లీ నా వైపుకి లాక్కొని ఇంకో గరిటె వేసుకున్నా. మా ఆయన మాత్రం ఊరుకోకుండా "మా ఇంట్లో పులుసులో బెల్లం వెయ్యరమ్మా" అన్నాడు ఆ పిల్లతో. ఆయన ప్లేట్లో ఆ పూట పప్పే ఉంది, చెనక్కాయలు వేసి ఎనిపింది.

బయట ఉగ్గాని, బజ్జీ పెట్టినారంట. బొరుగులు చల్లారితే రబ్బరు లాగా సాగుతాయి, లేద్దాం పదండి.