స్కోప్ ఉన్న రివాల్వర్‌తో జింక వేట: తుపాకీ కంటే ముందు మౌంటు చూడండి

హోస్ట్: నమస్కారమండీ. నవంబర్ మొదటి శనివారం టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకల జనరల్ సీజన్ మొదలవుతుంది. ఈసారి రైఫిల్ పక్కన పెట్టి స్కోప్ బిగించిన రివాల్వర్‌తో వెళ్దామనుకునేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. ఏది కొనాలి, స్కోప్ ఎలా బిగించాలి, ఎంత దూరం దాకా నమ్మాలి, అన్నీ మాట్లాడదాం. అన్నా, ఎక్కడి నుంచి మొదలెడదాం?

గెస్ట్: చట్టం నుంచి తమ్ముడూ. ఇదంతా అమెరికా సంగతి. ఆంధ్రలో, తెలంగాణలో జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు పంపే నేరం. అందులో రెండో మాట లేదు. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ముఖ్యమైంది వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ అడ్డు లేదు.

హోస్ట్: అంటే లైసెన్స్ ఒకసారి తీసుకుంటే సరిపోతుందా?

గెస్ట్: చాలామంది జారేది అక్కడే. టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ఆ మినహాయింపు మీద ఆధారపడేవాళ్ళు మర్నాటికి కొత్తది తీసుకోకపోతే, తుపాకీ ఇంట్లో బీరువాలో ఉన్నా తప్పే. వీసా మీద ఉంటే కొనే ముందే ఈ చట్టం తెలిసిన లాయరుతో ఒక గంట కూర్చోండి. ఇంకోటి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి.

హోస్ట్: ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా, అయినా పరవాలేదా?

గెస్ట్: రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో జింకకు రిమ్‌ఫైర్ తూటా కుదరదు, సెంటర్‌ఫైర్ కావాలి. అంటే మందు అంటించే భాగం తూటా అడుగు అంచులో కాకుండా మధ్యలో ఉండేది. ఒహాయోలో అయితే బ్యారెల్ కనీసం 5 అంగుళాలు ఉండాలి, తూటా 357 లేదా అంతకన్నా పెద్ద స్ట్రెయిట్‌వాల్ రకం, అంటే మెడ దగ్గర సన్నబడకుండా గొట్టం తిన్నగా ఉండేది, కావాలి. ఆ ఏడాది రూల్సు ఒకసారి చదివాకే డబ్బు తీయండి.

హోస్ట్: సరే, అసలు ప్రశ్న. 357, 44, 454, 460, 500. ఏది?

గెస్ట్: నన్నడిగితే 44 మాగ్నమ్. 1955 ప్రాంతంలో వచ్చిన తూటా, ఇప్పటికీ జింకకు దీన్ని మించిన అవసరం లేదు. 240 గ్రెయిన్ల, అంటే సుమారు పదిహేనున్నర గ్రాముల, బుల్లెట్ ఏడున్నర అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో వెళ్తుంది. 357 జింకను చంపలేదని కాదు. మంచి బుల్లెట్‌తో, 50 గజాల లోపు, జింక పక్కకి తిరిగి నిలబడితే చంపుతుంది. కానీ అడవిలో జింక అన్నిసార్లూ అంత చక్కగా నిలబడదు. 454, 460 తూటాలు బలమైనవే. 460లో 200 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,200 అడుగుల దాకా వెళ్తుంది, అందుకే అది ఎక్కువ దూరం తిన్నగా పోతుంది. అయితే ఆ తుపాకీ రెండు కిలోలు దాటుతుంది. పేలుడు కూడా అంతే గట్టిగా ఉంటుంది. దాంతో నెలకు వంద రౌండ్లు ప్రాక్టీస్ చేసేవాళ్ళు తక్కువ. ప్రాక్టీస్ లేకపోతే పేలకముందే చెయ్యి ఉలిక్కిపడుతుంది, బుల్లెట్ కిందికి పోతుంది. 

హోస్ట్: 44లో ప్రాక్టీస్ తేలికా?

గెస్ట్: తేలికే. 44 స్పెషల్ తూటాలు అదే సిలిండర్‌లో పడతాయి, వెనక్కి తన్నే దెబ్బ సగం కూడా ఉండదు. ఒక జాగ్రత్త ఉంది. స్పెషల్ తూటా కొంచెం పొట్టిది కాబట్టి ఛాంబర్‌లో దాని మూతి దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది. తర్వాత మాగ్నమ్ తూటా పెడితే అక్కడ అడ్డం పడి పూర్తిగా దిగదు. బ్రష్‌తో తోమాకే మాగ్నమ్ వాడండి. జీరో, అంటే గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్ సరిచేయడం, అది కూడా స్పెషల్‌కి వేరు, మాగ్నమ్‌కి వేరు.

హోస్ట్: ఇక తుపాకీ.

గెస్ట్: క్యాటలాగ్‌లో మొదట చూడాల్సింది స్కోప్ దేని మీద కూర్చుంటుందో. రూగర్ సూపర్ రెడ్‌హాక్ తీసుకో. 1987లో వచ్చింది. ఫ్రేమ్ పైభాగంలోనే స్కోప్‌ని పట్టుకునే రింగులు కూర్చునే గుంటలు చెక్కి ఇస్తారు, ఒక అంగుళం స్కోప్ ట్యూబుకి రింగులు డబ్బాలోనే వస్తాయి. మధ్యలో వేరే బేస్, అంటే రింగుల కింద పలక, లేదు, ఊడటానికి బేస్ స్క్రూలు లేవు. ఏడున్నర అంగుళాల మోడల్ బరువు 53 ఔన్సులు, అంటే కిలోన్నర. సింగిల్ యాక్షన్, అంటే ప్రతిసారీ హ్యామర్‌ని (తూటాని పేల్చే వెనక సుత్తిని) వేలితో లాగి కాల్చేది, ఇష్టపడేవాళ్ళకి అదే కంపెనీ సూపర్ బ్లాక్‌హాక్ హంటర్ ఉంది, దానికి బ్యారెల్ రిబ్ మీద గుంటలు. టారస్ రేజింగ్ హంటర్‌కి పైన పికాటినీ రైలు, అంటే అడ్డగాళ్ళున్న పట్టీ, ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ 629 తీసుకుంటే బేస్ స్క్రూలతో బిగించాలి. అదీ నడుస్తుంది, కాకపోతే బిగింపు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

హోస్ట్: తొమ్మిదిన్నర అంగుళాల బ్యారెల్ కూడా ఉంది కదా?

గెస్ట్: ఉంది. వేగం కొద్దిగానే పెరుగుతుంది. బదులుగా ముందు బరువు పెరుగుతుంది, జింక కోసం కాచుకునే స్టాండ్‌లో (మంచెలో) కొమ్మకి, చువ్వకి తగులుతుంది. ఏడున్నర చాలు.

హోస్ట్: స్కోప్ విషయంలో కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు?

గెస్ట్: ఇంట్లో ఉన్న రైఫిల్ స్కోప్ తెచ్చి పెట్టడం. రైఫిల్ స్కోప్‌కి ఐ రిలీఫ్, అంటే కంటికీ అద్దానికీ ఉండాల్సిన దూరం, మూడు నాలుగు అంగుళాలు. రివాల్వర్‌ని చేతులు చాపి పట్టుకుంటాం. ఆ దూరంలో రైఫిల్ స్కోప్‌లో కనిపించేది నల్లటి వలయం, మధ్యలో చిన్న చుక్కంత బొమ్మ. సరే అని తుపాకీని కంటి దగ్గరికి లాక్కుంటే, పేలగానే అది వెనక్కి వచ్చి కనుబొమ్మ చీలుస్తుంది. కాబట్టి హ్యాండ్‌గన్ స్కోపే కొనాలి. దాని ఐ రిలీఫ్ అడుగు నుంచి రెండు అడుగుల మధ్య ఉంటుంది. స్కౌట్ స్కోప్ కూడా కొందరు చూస్తారు, దాని ఐ రిలీఫ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. చాచిన చేతికి అది చాలదు.

హోస్ట్: మాగ్నిఫికేషన్?

గెస్ట్: 2 నుంచి 7 రెట్లది గానీ, రెండున్నర నుంచి 8 గానీ. బ్యూరిస్, లూపోల్డ్ ఇలాంటివి చేస్తూ వచ్చాయి. కానీ వేటలో 2 లేదా 3 మీద పెట్టి ఉంచండి. రెట్లు పెంచేకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. కన్ను ఉండాల్సిన చోటు కూడా ఇరుకవుతుంది, తల అర అంగుళం కదిలితే బొమ్మ మాయం. వెలుతురు లెక్క ఇంకోటి. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు కిరణం వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం, 8 రెట్లు అంటే 4 మిల్లీమీటర్లు. అదే 3 రెట్లు అంటే 10 దాటుతుంది. సందెవేళ జింకలు తిరిగే టైములో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

హోస్ట్: రెడ్ డాట్ పెడితే?

గెస్ట్: రెడ్ డాట్ అంటే పెద్దది చేయకుండా ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం. 50 గజాల లోపు దట్టమైన పొదల్లో అది బాగుంటుంది. తల ఎక్కడున్నా చుక్క కనిపిస్తుంది. కాకపోతే 4 ఎంఓఏ చుక్క (ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం) ఆ దూరంలో నాలుగు అంగుళాలు కప్పేస్తుంది. పైగా పెద్దది చేసి చూపించదు కాబట్టి, బుల్లెట్ దారిలో ఉన్న సన్న పుల్ల కంట పడదు.

హోస్ట్: ఇప్పుడు బిగింపు. నిదానంగా చెప్పు అన్నా, దీని మీదే ఎక్కువ గొడవ.

గెస్ట్: అవును. తుపాకీ వెనక్కి, పైకి ఎగిరినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే తుపాకీతో పోలిస్తే అది ముందుకి జారుతుంది. ఆ లాగుడంతా రింగుల మీద, స్క్రూల మీద పడుతుంది. స్కోప్ బరువు పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది. స్క్రూ తెగిపోవడం నిజంగా జరుగుతుంది. అందుకే తేలికైన స్కోప్ మంచిది. పెద్ద తూటాలకి మూడు రింగులు వాడతారు.

సిలిండర్ ఖాళీ అని రెండుసార్లు చూశాక మొదలెట్టండి. స్క్రూలు, గుంటలు, రింగుల లోపలి భాగం, ట్యూబు, అన్నీ ఆల్కహాల్‌తో తుడవాలి. ఒక్క నూనె చుక్క మిగిలినా జారుతుంది. బేస్ ఉంటే దాని స్క్రూలకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, ఎరుపుది వద్దు, మళ్ళీ ఊడదీయాలంటే వేడి పెట్టాల్సి వస్తుంది. పికాటినీ రైలయితే, రింగును గాడిలో ముందుకి తోసి, అడ్డబోల్టు గాడి ముందు గోడకి ఆనాక బిగించాలి. మధ్యలో వదిలేస్తే మొదటి పేలుడుకే ఆ సందు మేర కదులుతుంది, జీరో పోతుంది.

తర్వాత స్కోప్ వదులుగా పెట్టి, మాగ్నిఫికేషన్ పూర్తిగా పెంచి, కళ్ళు మూసుకుని, వేటలో పట్టుకునేట్టే చేతులు చాపి, అప్పుడు కళ్ళు తెరువు. బొమ్మ అంచుల దాకా నిండుగా కనిపించాలి. నల్లటి నెలవంక కనిపిస్తే ముందుకో వెనక్కో జరుపు. ఎక్కువ రెట్ల దగ్గర కుదిరితే తక్కువ దగ్గర దానంతటదే కుదురుతుంది. వేటకి వేసుకునే జాకెట్ వేసుకునే ఈ పని చెయ్యి. జాకెట్ చేతులు మందంగా ఉంటే మోచెయ్యి వంగుతుంది, దూరం మారుతుంది. 

హోస్ట్: ఎంత బలంగా బిగించాలి?

గెస్ట్: బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి వాడాలి, చేతి అంచనా వద్దు. రింగుల పై స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. నీ రింగుల కాగితంలో వేరే అంకె ఉంటే అదే. ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా బిగిస్తూ, రెండు వైపులా సందు సమానంగా ఉంచు. మరీ బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి లోపలి జూమ్ పట్టేస్తుంది. అయ్యాక తెల్ల పెయింట్ పెన్నుతో రింగు మీద, ట్యూబు మీద కలిసేలా ఒక సన్నగీత గీయి. 20 రౌండ్ల తర్వాత చూడు. గీత రెండు ముక్కలుగా కనిపిస్తే జారినట్టే.

హోస్ట్: హ్యామర్ సంగతి?

గెస్ట్: స్కోప్ వెనక భాగం హ్యామర్ మీదికి వస్తే బొటనవేలు దూరదు. పక్కకి పొడుచుకొచ్చే హ్యామర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలి. సగం లాగిన హ్యామర్ వేలి నుంచి జారితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

హోస్ట్: జీరో చేయడం?

గెస్ట్: రివాల్వర్‌కి వెనక నుంచి బ్యారెల్ లోపలికి చూసి గురి సరిచూడటం కుదరదు, అందుకని 25 గజాల దగ్గర పెద్ద కాగితంతో మొదలెట్టు. పావు ఎంఓఏ క్లిక్కులయితే అక్కడ ఒక అంగుళానికి 16 క్లిక్కులు. మధ్యకి వచ్చాక 75 గజాలకి వెళ్ళు. 240 గ్రెయిన్ల 44ని 75 దగ్గర జీరో చేస్తే 50 దగ్గర ఒక అంగుళం పైన, 100 దగ్గర సుమారు రెండున్నర, మూడు అంగుళాలు కింద తగులుతుంది. 125కి వెళ్తే సుమారు ఏడు అంగుళాలు కిందికి దిగిపోతుంది. అంటే 100 దాటాక ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే 44తో 100 గజాలు నా హద్దు.

ఇసుక సంచి మీద బ్యారెల్ ఆనించకు. ఫ్రేమ్, పిడి ఆనాలి. బ్యారెల్ ఆనిస్తే ఎగిరే తీరు మారి పైకి కొడుతుంది. ఇంకో మాట, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి మండే గ్యాస్ పక్కలకి చిమ్ముతుంది. రైఫిల్ అలవాటున్న చెయ్యి తెలియకుండానే ముందుకి వెళ్తుంది. 460, 500లలో ఆ గ్యాస్ వేలిని కోసేయగలదు. రెండు చేతులూ పిడి దగ్గరే. చెవులకి రేంజ్‌లోనే కాదు, వేటలో కూడా రక్షణ పెట్టుకో. 44 చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. బయటి మాటలు వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే జింక అలికిడి కూడా తెలుస్తుంది.

హోస్ట్: తూటా ఎంపికలో చూడాల్సింది?

గెస్ట్: 240 గ్రెయిన్ల వేట హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునే బోలు మూతి బుల్లెట్), లేదా చదును మూతి గట్టి సీసం బుల్లెట్. తర్వాత ఒక పరీక్ష ఉంది, ఇది ఎవరూ వదలొద్దు. ఆరు తూటాల్లో ఒకదాని పొడవు క్యాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టు. మిగతా ఐదూ కాల్చు. ఆరోది తీసి మళ్ళీ కొలువు. ఆ ఐదు కుదుపులకి కేసు (తూటా లోహపు గొట్టం) వెనక్కి పోతే బుల్లెట్ ఉన్నచోటే ఉండి, మెల్లగా బయటికి వస్తుంది. పొడవు పెరిగితే క్రింప్, అంటే బుల్లెట్‌ని పట్టి ఉంచే కేసు అంచు నొక్కు, చాలలేదన్నమాట. ఇంకా పెరిగితే బుల్లెట్ మూతి సిలిండర్ బయటికి పొడుచుకొచ్చి, తిరగకుండా పట్టేస్తుంది. రెండో షాట్ కావాల్సిన సమయంలో తుపాకీ బిగుసుకుపోతుంది. ఆ బ్రాండు మార్చేయాలి, ఇంట్లో నింపుకునేవాళ్ళు క్రింప్ గట్టిగా వెయ్యాలి.

హోస్ట్: మరి తన దూరం తనకి ఎలా తెలుస్తుంది?

గెస్ట్: జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది అంగుళాల వలయం అనుకో. నువ్వు ఆరు అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టుకో. బెంచీ మీద కాదు, వేటలో కూర్చునే భంగిమలో, తుపాకీ ఆనించుకునే కర్రల (షూటింగ్ స్టిక్స్) మీద. ఐదుకి ఐదూ ప్లేట్‌లో పడే దూరమే నీ హద్దు. నాలుగు పడితే ఆ దూరం నీది కాదు, పది గజాలు తగ్గు. చాలామందికి అది 60, 70 గజాల దగ్గర ఆగుతుంది. అక్కడ ఆగడం తప్పేం కాదు, గాయపడి పారిపోయిన జింక మూలుగుతూ ఏ పొదలోనో చావడం తప్పు. ఎప్పుడూ హ్యామర్ లాగి, సింగిల్ యాక్షన్‌లోనే కాల్చు. జింక పక్కకి గానీ, కొంచెం అటు తిరిగి గానీ నిలబడాలి. ముందుకాలు వెనక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తు.

హోస్ట్: కాల్చాక పడిపోతుందా?

గెస్ట్: రైఫిల్‌లా ఉన్నచోట కూలుతుందనుకోకు. రెండు ఊపిరితిత్తులూ పోయినా 50, 100 గజాలు పరిగెత్తొచ్చు. హ్యామర్ మళ్ళీ లాగి, ఏ చెట్టు పక్కన మాయమైందో కన్ను వదలకుండా చూడు. కదలికలేమీ లేకపోతే హ్యామర్ జాగ్రత్తగా దించి, అరగంట ఆగి, నిలబడ్డ చోట రక్తం, వెంట్రుకలు వెతుకు.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. మోసుకెళ్ళడం?

గెస్ట్: నడుముకి పెట్టే ఒర పనికిరాదు, స్కోప్ మోచేతికి తగులుతుంది. ఛాతీకి అడ్డంగా కట్టుకునే ఒర తీసుకో. చెట్టు మీది స్టాండ్‌కి ఎక్కేటప్పుడు రివాల్వర్ ఒంటి మీద ఉండకూడదు. తూటాలన్నీ తీసి జేబులో వేసుకుని, మెత్తటి సంచిలో పెట్టి, తాడు సంచికి కట్టి, పైకెక్కాక లాక్కో. పైన కూర్చుని సేఫ్టీ బెల్టు తగిలించుకున్నాకే నింపు. స్కోప్ ఎక్కడైనా గట్టిగా కొట్టుకుందనిపిస్తే ముందు ఆ తెల్లగీత చూడు. గీత కదిలి ఉంటే కిందికి దిగి రేంజ్‌కి వెళ్ళు. 25 గజాల దగ్గర మళ్ళీ మొదటి నుంచి.