చౌకగా కనిపించే కాగితం షేరు

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో పారీస్ దగ్గరున్న ఆండర్సన్ వీధి పెళ్లి శుభలేఖలకు పెట్టింది పేరు. ఆ దుకాణాల నడుమే కాగితం టోకు వ్యాపారులు కూడా ఉంటారు. బండి మీద రీములు పేర్చుకుని హమాలీలు దారి ఇమ్మని కేకేస్తుంటారు. ప్రతి కట్ట మీదా మిల్లు పేరు, కాగితం కొలత, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో తెలిపే అంకె అచ్చువేసి ఉంటాయి. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక వ్యాపారితో కాగితం కంపెనీల షేర్ల మాట ఎత్తితే ఆయన నవ్వారు. "షేర్ల సంగతి నాకు తెలియదండీ. కానీ మిల్లువాళ్లే ఫోను చేసి, వెంటనే డబ్బు కడితే టన్నుకు రెండు వేలు తగ్గిస్తామన్నారంటే వాళ్ల గోడౌను నిండిపోయిందని నాకు తెలిసిపోతుంది" అన్నారు.

ఈ కబురు కంపెనీ ఫలితాల్లో కనబడేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. షేరు ధర మాత్రం అంతవరకూ ఆగదు.

ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో ఈ ప్రసంగంలో చెప్పను. అది షేర్ల బజారును అదుపుచేసే సెబీ దగ్గర నమోదైన సలహాదారుల పని. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాగితం కంపెనీ షేరు లెక్కల ప్రకారం మరీ చౌకగా కనిపిస్తున్న రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వినడానికి తలకిందులుగా ఉంది కాబట్టి కాస్త విడమరచి చెబుతాను.

ఒక మిల్లు టన్ను కాగితం 60,000 రూపాయలకు అమ్ముతోందనుకుందాం. ఇవి లెక్క సులువుగా ఉండడానికి తీసుకున్న అంకెలు. కలప, బొగ్గు, రసాయనాలు, జీతాలు, వడ్డీ అన్నీ కలిపి ఖర్చు 54,000. మిగిలేది 6,000. బజారులో కాగితం ధర పది శాతం పెరిగింది. ఖర్చు మారలేదు. మిగులు 12,000 అయింది. ధర పెరిగింది పది శాతమే, లాభం మాత్రం రెట్టింపు. ఇప్పుడు అదే పది శాతం తగ్గిందనుకోండి. ఆ 6,000 కూడా పోయి చేతిలో ఏమీ మిగలదు.

లాభం లేనప్పుడు మిల్లు ఆపేయవచ్చు కదా అని అడగవచ్చు. అంత తేలిక కాదు. కలపను ఉడికించి కాగితపు గుజ్జు చేసే విభాగం, బాయిలర్లు, వందల అడుగుల పొడవున్న కాగితం యంత్రం రాత్రింబవళ్లు నడవడానికే కట్టినవి. ఆపినా జీతాలు ఆగవు, బ్యాంకు వడ్డీ అసలే ఆగదు. అందుకే గిరాకీ పడిపోయిన కాలంలో అన్ని మిల్లులూ ఎంతకో ఒకంతకు సరుకు వదిలించుకోవాలని చూస్తాయి. దాంతో ధర ఇంకా పడుతుంది.

2022లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. కోవిడ్ తర్వాత బడులు తెరిచారు, పుస్తకాలకు గిరాకీ లేచింది. విదేశాల్లో గుజ్జు ధర, ఓడ కిరాయి ఆకాశాన్నంటడంతో దిగుమతి కాగితం ప్రియమైపోయింది. మన మిల్లులు ధరలు పెంచుకోగలిగాయి. 2022-23 ఆర్థిక సంవత్సరంలో పెద్ద మిల్లులు చాలావరకు మునుపెన్నడూ లేనంత లాభాలు చూపించాయి. అప్పుడు కొన్ని కంపెనీల షేర్లు, ఒక్కో షేరు వంతుకు వచ్చే ఏడాది లాభానికి నాలుగైదు రెట్ల ధరకే దొరికాయి. ఇంత చౌక షేరు ఇంకెక్కడ దొరుకుతుందని కొన్నవాళ్లు ఎందరో. తర్వాతి రెండేళ్లలో దిగుమతులు వెల్లువెత్తాయి, కలప ధర పెరిగింది, లాభాలు కరిగిపోయాయి. లాభం చిక్కిపోతే, వాళ్లు పెట్టిన అదే ధర ఆ లాభానికి ఎన్ని రెట్లవుతుందో చెప్పక్కరలేదు. ఈ పరిశ్రమలో షేరు ధర లాభానికి నాలుగు రెట్లే ఉందంటే, ఈ లాభం నిలవదని బజారు అనుమానిస్తోందని అర్థం చేసుకోవాలి. బజారు అనుమానం ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. అయినా దాన్ని తోసిపుచ్చి కొనేవాళ్ల దగ్గర అందుకు తగిన కారణం ఉండాలి.

ఇక కలప. నాకు ఈ పరిశ్రమలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. స్టాక్ బ్రోకర్లు దీని గురించి మాట్లాడగా నేను తక్కువే విన్నాను. ప్రకాశం, కృష్ణా వైపు బంధువులున్న శ్రోతలకు సుబాబుల్, సరుగుడు, జామాయిల్ తోటల సంగతి తెలిసే ఉంటుంది. మొక్క నాటాక కోతకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మిల్లు మంచి ధర ఇవ్వని ఏడు రైతు విసిగిపోయి తోట పీకి వేరే పంట వేస్తాడు. ఆ లోటు వెంటనే కనబడదు. మూడేళ్ల తర్వాత కలప దొరక్క మిల్లులు ధర పెంచుతాయి. అది చూసి రైతులందరూ ఒక్కసారిగా నాటుతారు. మళ్లీ మూడేళ్లకు కలప పోటెత్తుతుంది. కోవిడ్ కాలంలో మిల్లుల కొనుగోళ్లు పడిపోయి నాట్లు తగ్గాయి. ఆ తర్వాత కలప కరువు వచ్చింది. అదే కలప కోసం ప్లైవుడ్డు, ఎండీఎఫ్ పలకల ఫ్యాక్టరీలు కూడా పోటీకి దిగాయి. ఊరికి వెళ్లినప్పుడు టన్ను కలప ఎంత పలుకుతోందని తోట ఉన్న బాబాయినో మామయ్యనో అడిగితే, మిల్లు ముడిసరుకు ఖర్చు ఎటు పోతోందో కంపెనీ చెప్పకముందే కొంత తెలిసిపోతుంది.

ఈ బాధ కొంత తప్పించుకున్న మిల్లు మన చెన్నైవాళ్లకు బాగా తెలిసినదే. తమిళనాడు న్యూస్‌ప్రింట్ అండ్ పేపర్స్, టీఎన్‌పీఎల్. 1979లో పెట్టారు, ప్రధాన కార్యాలయం గిండీలో ఉంది, అతి పెద్ద వాటా రాష్ట్ర ప్రభుత్వానిది. కరూరు జిల్లా కాగితపురంలోని మిల్లును చెరకు పిప్పితో కాగితం చేయడానికే కట్టారు. చక్కెర మిల్లులు పిప్పిని తమ బాయిలర్లలో కాల్చుకుంటాయి. టీఎన్‌పీఎల్ వాటికి ఆవిరినో, దానికి కావలసిన ఇంధనాన్నో సమకూర్చి బదులుగా పిప్పి తీసుకుంటుంది. తెలివైన ఏర్పాటే. కానీ చెరకు పండాలంటే వాన కావాలి, కాగితం చేయాలంటే నది పారాలి. 2016లో ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసింది. మరుసటి ఏడు కావేరి ఎండి, ఆ మిల్లు నీళ్లు చాలక కాగితం ఉత్పత్తి నిలిపేయవలసి వచ్చింది. అక్టోబరులో చెన్నైలో వానలు సరిగా పడకపోతే మనం నీళ్ల ట్యాంకర్ల కోసం వెతుక్కుంటాం. ఈ షేరు ఉన్నవాళ్లకు అది రెండో దిగులు.

అప్పుల మాట తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు నిజాం కాలం నాటిది, 2014లో ఆగిపోయింది. దివాలా చట్టం కింద 2018లో జేకే పేపర్ దాన్ని తీసుకుంది. ములుగు జిల్లా కమలాపురంలో బట్టల నూలుకు పనికొచ్చే గుజ్జు తయారుచేసిన ఫ్యాక్టరీ కూడా 2014లోనే మూతపడింది. అది బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌ది. రాత, అచ్చు కాగితంలో దేశంలోనే అగ్రస్థానంలో ఉన్న ఆ కంపెనీ 2007లో మలేషియాలో ఒక గుజ్జు మిల్లు కొనేంత వరకు వెళ్లింది, చివరికి అప్పుల భారంతో 2020లో దివాలా విచారణకు వచ్చింది. దివాలా చట్టంలో డబ్బు పంచే వరుసలో వాటాదారు అందరికంటే చివర నిలబడతాడు. పెద్ద బాకీలున్న మిల్లు విషయంలో ఆ వరుస అతని దాకా రావడం అరుదు. కాబట్టి లాభం కంటే ముందు అప్పు చూడాలని నా అభిప్రాయం. మంచి రోజుల్లో అప్పు తీర్చిన యాజమాన్యం మీద నాకు గౌరవం. మంచి రోజుల్లోనే పెద్ద అప్పు చేసి కొత్త యంత్రం ఆర్డరు పెట్టిన యాజమాన్యం అంటే భయం. ఆ యంత్రం తిరగడం మొదలయ్యేసరికి అలాంటివే ఇంకో నాలుగు తిరుగుతుంటాయి.

మరి చౌకా కాదా అని దేనితో కొలవాలి? ఒక దారి ఉంది. 2025 మార్చి 31న ఐటీసీ, ఉత్తరాఖండ్‌లోని లాల్‌కువాలో ఉన్న సెంచురీ పల్ప్ అండ్ పేపర్‌ను 3,500 కోట్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ మిల్లు సామర్థ్యం ఏడాదికి 4.8 లక్షల టన్నులు. భాగిస్తే టన్ను సామర్థ్యానికి సుమారు 73,000 రూపాయలు. వ్యాపారం తెలిసిన కొనుగోలుదారు ఒప్పుకున్న ధర అది. మీరు చూస్తున్న కంపెనీ మొత్తం షేర్ల విలువకు అప్పు కలిపి, చేతిలో ఉన్న నగదు తీసేసి, టన్నుల సామర్థ్యంతో భాగించి పక్కన పెట్టి చూడండి. మిల్లు పాతదా కొత్తదా, సొంత గుజ్జు ఉందా, చేసేది జెరాక్స్ కాగితమా మందుల పెట్టెల అట్టా అన్నదాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. అయినా ఒక్క ఏడాది లాభాన్ని నమ్ముకోవడం కంటే ఇది మేలు.

ఫోన్లు వచ్చాక కాగితం ఎవరు వాడతారని కొందరు అడుగుతారు. పత్రికల కాగితానికి ఆ దెబ్బ తగిలిన మాట నిజమే. అట్టపెట్టెలకు మాత్రం ఇంటికి సరుకులు తెప్పించుకునే అలవాటు కలిసివచ్చింది. మన దేశంలో మనిషికి ఏటా 15, 16 కిలోల కాగితమే వాడుతున్నారని, ప్రపంచ సగటు 57 దాకా ఉందని ఈ పరిశ్రమవాళ్లు తరచూ చెబుతుంటారు. ఏళ్ల తరబడి చెబుతున్న మాటే అది. కాగితం వాడకం పెరిగినంత మాత్రాన మీరు కొన్న మిల్లుకే లాభం రావాలని ఎక్కడా లేదు, ఇండోనేషియా మిల్లుకు కూడా రావచ్చు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో కుదిరి 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల అక్కడి కాగితం సుంకం లేకుండా దిగుతోంది.

అందుకే ఢిల్లీ నుంచి వచ్చే ప్రకటనల మీద కూడా ఒక కన్ను ఉంచాలి. 2025 ఆగస్టులో ఒక రకం ప్యాకింగ్ అట్టకు టన్నుకు 67,220 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టారు. అట్ట చేసే మిల్లులకు అది ఊరటనిచ్చింది, రాత కాగితం చేసే మిల్లుకు దానివల్ల ఒరిగింది లేదు. సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. నోటు పుస్తకాలకు పన్ను తీసేశారు, అట్టపెట్టెలకు 5 శాతం చేశారు, చాలా రకాల కాగితానికి 12 నుంచి 18కి పెంచారు. వార్షిక నివేదిక తెరిచినప్పుడు ఈ మార్పులు ఏ సరుకుకు తగులుతాయో, ఆ సరుకు కంపెనీ అమ్మకాల్లో ఎంత వంతో ముందు చూడండి. ఆ తర్వాత ముడిసరుకు ఖర్చు, విద్యుత్తు, ఇంధనం పద్దు, అప్పులు, కడుతున్న కొత్త యంత్రాల విలువ చూడండి. అధ్యక్షుడి సందేశం ఆఖరున చదివినా నష్టం లేదు.

సెలవు. నమస్కారం.