ముల్కీ అంటే ఎవరు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. గ్రంథాలయ వార్షికోత్సవం కనుక పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. పఠనం మంచిదే, చదవండి. అయిపోయింది. నాకు ముందు మాట్లాడిన అబ్బాయి ‘ముల్కీ గొడవంటే ఆంధ్ర, తెలంగాణ గొడవ’ అన్నాడు. అప్పటినుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ముల్క్ అంటే దేశం, రాజ్యం. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చింది. ఆ ముల్క్‌కు చెందినవాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. మరి మొదటి గైర్ ముల్కీలు ఎవరు? గుంటూరు వాళ్లా? కాదు బాబూ! 1880లలో నిజాం రాజ్యంలో పారశీకం పోయి ఉర్దూ అధికార భాష అయింది. ఉత్తరాది నుంచి చదువుకున్నవారు వచ్చి కొలువులు పట్టారు. హైదరాబాదు వారికి మండింది. ఉర్దూ వారే ఉర్దూ వారిని పరాయివాళ్లన్నారు. భాష ఒకటే, చాలామందికి మతమూ ఒకటే! ఇది గుర్తుపెట్టుకోండి.

సర్కారు కొలువులు ముల్కీలకే అన్న 1919 నాటి నిబంధనలు చూడండి. పుట్టుకతో రాజ్య ప్రజ అయినవాడు ముల్కీ. ముల్కీ భార్య ముల్కీ. బయటివాడు కూడా 15 ఏళ్లు ఇక్కడే స్థిరంగా ఉండి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణ పత్రం ఇస్తే ముల్కీయే.

ఇక మా మేనమామ సంగతి. ఇది చెప్పకుండా దిగను. 1948 పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత వరంగల్ వైపు ఒక చిన్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. అది దక్కినవాడు ఊళ్లో దిగి ఏడాది కాలేదు, చేతిలో మాత్రం 15 ఏళ్ల నివాసం చూపే పత్రం! మామయ్య నిలదీస్తే గుమాస్తా ‘నీ పత్రమేదీ?’ అన్నాడట. తాతముత్తాతలు పుట్టిన ఊళ్లో ఉన్నవాడికి పత్రమెందుకుంటుందండీ? వచ్చినవాడి మీద మామయ్యకు అంత కోపం లేదు. ఆ పత్రం అమ్మిన గుమాస్తా పక్కా ముల్కీ, కోపమంతా వాడి మీద!

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, త్వరగా. ఇలాంటి దొంగ పత్రాల మీదే 1952లో విద్యార్థులు రోడ్డెక్కారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే, అటు ఆంధ్ర ప్రాంతంలో ప్రత్యేక రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. తరువాత కొలువుల నిబంధనల్లో ముల్కీ స్థానంలో ‘స్థానిక అభ్యర్థి’ వచ్చాడు. దొంగ పత్రాలు ఆగాయా? మీరే చెప్పండి!

ఒక్క మనవి. మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెలు వెతకండి. ముల్కీ పత్రం దొరికితే తూకానికి వేయకండి, ఇక్కడికి తీసుకురండి. నకలు తీసుకుని అసలు మీకే ఇచ్చేలా కార్యదర్శిగారితో నేను మాట్లాడతాను.