మేరీ వేషం ఎవరికి తగింది?

సభకు నమస్కారం.

ఒంగోల్లో పాత సినిమాల అభిమానులు నలుగురు చేరితే, మాట ఎటు తిరిగినా ‘మిస్సమ్మ’ దగ్గరికి రాక తప్పదు. ఈ ఊరి పక్కన దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు వెయ్యాల్సిన వేషం మేరీది. కొంత షూటింగ్ కూడా అయ్యాక, నిర్మాత చక్రపాణిగారితో మాటపట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. రెండో కథానాయికగా అనుకున్న సావిత్రిగారు మేరీ అయ్యారు. ఆ రెండో వేషం జమునగారికి వెళ్ళింది. 1955లో సినిమా విడుదలైంది. ‘ఆ విసురు భానుమతమ్మదే, సావిత్రికేం నప్పింది?’ అనేవాళ్ళు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. భానుమతిగారంటే నాకూ ప్రాణమే. అయినా ఈ మాట మాత్రం ఒప్పుకోలేను.

కథ ఒకసారి తలుచుకోండి. కొలువు లేక తిరుగుతున్న ఇద్దరు, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు, భార్యాభర్తలమని అబద్ధమాడి పంతుళ్ళుగా చేరతారు. అంత అభిమానవంతురాలు మేరీ దానికి ఎందుకు ఒప్పుకుంది? డేవిడ్ బాకీ మెడ మీద కూర్చుంది కాబట్టి. మన నెల్లూరు రమణారెడ్డిగారు వేసిన ఆ డేవిడ్ బాకీ పేరు చెప్పి పెళ్ళికి వెంటపడుతుంటాడు. నవ్వించే పాత్రే, కానీ ఆ పిల్లకి అతను నిజమైన గండం. అంటే మేరీ కోపం కింద భయం ఉంది. రామారావుగారిని సావిత్రి కసురుకునేటప్పుడు చూడండి: మాట విసురుగా వస్తుంది, చూపు మాత్రం క్షణం పాటు బెదురుతుంది. ఆ బెదురే లేకపోతే అబద్ధం నిలవదు, కథా నిలవదు.

భానుమతిగారు కసిరితే అవతలివాడు నోరు మూసుకోవాల్సిందే. ‘మల్లీశ్వరి’లో ఆమె ఏడిపించలేదా అంటారేమో. ఏడిపించారు. కానీ అంతఃపురంలో చిక్కుకున్న మల్లిని చూస్తే నాకు జాలికన్నా గౌరవమే ముందు పుడుతుంది. అలాంటి మనిషి ఒక ఉద్యోగం కోసం దొంగ కాపురానికి దిగిందంటే నమ్మడం కష్టం.

వయసు చూసి నప్పలేదనేవాళ్ళూ ఉన్నారు. నా దృష్టిలో అది అసలు లెక్కలోకే రాదు. గుమ్మడిగారు 1927లో పుట్టారు, రామారావుగారు 1923లో. ‘మాయాబజార్’లో చూస్తే తమ్ముడు కృష్ణుడికన్నా అన్న బలరాముడు నాలుగేళ్ళు చిన్న! ‘అర్ధాంగి’లో తనకన్నా పెద్దవారైన అక్కినేనికి తండ్రిగా వేసేనాటికి గుమ్మడికి ముప్పై కూడా నిండలేదు. మాటలో ఆ నిదానం, ఆ బరువు ఉన్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

రామారావుగారి కృష్ణుడూ మొదట కుదరలేదు. ‘సొంతవూరు’లో ఆయన కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదు. అందుకే ‘మాయాబజార్’కి ఆయన వెనకాడారు. కె.వి. రెడ్డిగారు పట్టుబట్టి, కిరీటం దగ్గర్నుంచి ఆహార్యమంతా శ్రద్ధగా తీర్చారు. మనిషి అదే, మొహం అదే. దర్శకుడు పాత్రను దృష్టిలో పెట్టుకుని పనిచేశాడు.

తర్వాత్తర్వాత ఆ పట్టింపు పోయింది. ‘బడిపంతులు’లో రామారావుగారికి మనవరాలిగా వేసిన శ్రీదేవి, ఏడేళ్ళకి 1979లో ‘వేటగాడు’లో ఆయన పక్కన కథానాయిక. సినిమా బ్రహ్మాండంగా ఆడింది, పాటలు ఊరూరా మోగాయి. జనం వచ్చింది రామారావుగారి కోసం. ఆ పాత్రకి ఎవరు తగుతారని అడిగినవాళ్ళే లేరు. నప్పని వేషమంటే నా దృష్టిలో అది. గుమ్మడి తండ్రి వేషం కాదు, సావిత్రి మేరీ అంతకన్నా కాదు.