ఆస్తి వేటకు, ఆపై బ్రష్షు చేతికి

అక్క: ఇవాళ మన షోలో సర్ ఫ్రాన్సిస్ గ్రాంట్. 1803లో పుట్టిన స్కాట్లాండ్ పోర్ట్రెయిట్ చిత్రకారుడు. ఆయన రంగులు వాడే తీరు గురించి చెప్పుకుందాం అన్నాం కదా...

తమ్ముడు: గుర్రాల గురించి కూడా.

అక్క: గుర్రాలు, వేట అంటూ దారి తప్పితే జరిమానా కదా! డబ్బాలో పది రూపాయలు వేసెయ్.

తమ్ముడు: అన్యాయం అక్కా! పెర్త్‌షైర్ భూస్వామి కొడుకు. లా చదవమంటే నక్కల వేటకు పోయాడు. తన వాటా పదివేల పౌండ్లు ముందు ఖర్చు పెట్టేస్తానని, తర్వాత లాతో మళ్లీ సంపాదిస్తానని అనేవాడట. నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ డైరీలో ఉంది. మొదటి పని మాత్రం ఇట్టే పూర్తి చేశాడు.

అక్క: అచ్చం చిన్న మామయ్యే.

తమ్ముడు: పేరెత్తకు, వింటాడు.

అక్క: 1831లో ఆ స్కాట్‌నే గీశాడు. పాపం, అప్పటికే స్కాట్‌కి పక్షవాతం వచ్చింది. పక్కన వేటకుక్కలు. ఆ బొమ్మంటే నాకు ఇష్టం. ఇక 1840లో విక్టోరియా రాణి, ప్రధాని మెల్‌బోర్న్...

తమ్ముడు: గుర్రాల మీద!

అక్క: నాకు ఒళ్లు మండేది అక్కడే. భార్య ఇజబెల్లా రట్లాండ్ డ్యూక్‌కి మేనకోడలు. వేటలో దోస్తులంతా లార్డులు. రాణి బొమ్మ ఇంకెవరికి దక్కుతుంది?

తమ్ముడు: పలుకుబడితో ఆర్డరు వస్తుంది, సరే. గుర్రం కాళ్లు ఎవరు గీసి పెడతారు? జీను మీద మనిషి బరువు ఎటు పడుతుందో ఎక్కినవాడికే తెలుస్తుంది.

అక్క: అదే చెయ్యి ఉండి, డ్యూకుల ఇంట్లో సంబంధం దొరకనివాళ్ల మాటేమిటి?

తమ్ముడు: నన్నేనా అంటున్నావు?

అక్క: నిన్ను కాదురా.

తమ్ముడు: మొన్నటి డిజైన్ ఆర్డరు సంగతి ఇక్కడ ఎత్తకు.

అక్క: ఎత్తలేదు నాయనా. సరే, 1866లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు, అది కూడా లాండ్‌సీర్ అనే చిత్రకారుడు ఆ పదవి తనకొద్దన్నాక. రాణికి అస్సలు నచ్చలేదు. ఇటలీ వెళ్లలేదని, పాతకాలపు గొప్ప చిత్రకారుల పనిని చదవలేదని గొప్పగా చెప్పుకుంటాడని ఆవిడ చిరాకు.

తమ్ముడు: అయినా 1878లో పోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చిలో సమాధి చేస్తామంటే ఇంట్లోవాళ్లు వద్దన్నారు. మెల్టన్ మౌబ్రేలో పెట్టారు. వేట ఊరు!

అక్క: ఇంకో పది. రంగుల సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు మనం. అకాడమీ ప్రదర్శనల్లో మొత్తం 253 బొమ్మలు పెట్టాడు, తెలుసా? ఎక్కువ మనుషులవే. తర్వాత ప్రధాని అయిన డిజ్రేలీని కూడా గీశాడు.

తమ్ముడు: డిజ్రేలీ గుర్రం ఎక్కేవాడా?

అక్క: మైకు ఆపెయ్.