పిల్లలు లేని సర్కారు బళ్లు: ఆ బిల్డింగుల లెక్క ఎవరి దగ్గరుంది?

అందరికీ నమస్తే. ఈరోజు తాళం పడ్డ సర్కారు బళ్ల గురించి మాట్లాడుకుందాం.

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ పేరుతో ఏటా బళ్ల లెక్క తీస్తుంది. 2024-25లో ఒక్క పిల్లవాడు కూడా చేరని బళ్లు దేశం మొత్తం మీద 7,993. వీటిలో పశ్చిమ బెంగాల్‌వి 3,812, ఆ తర్వాత మన తెలంగాణవే, 2,245. అంతకు ముందు ఏడాది దేశంలో ఇలాంటివి 12,954 ఉండేవి, అంటే తగ్గాయి, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ బడిని మూసేసినా, పక్క బడిలో కలిపేసినా అది ఈ లెక్కలోంచి పోతుంది. గోడలు మాత్రం ఊళ్లోనే ఉంటాయి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. బడి నడిచినన్నాళ్లూ దానికి 11 అంకెల కోడ్ ఉంటుంది, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, నల్లా ఉందా, కరెంటు ఉందా అన్నీ రాసుకుంటారు. చివరి పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాక ఆ బిల్డింగును పట్టించుకునే దిక్కుండదు. తాళంచెవి పక్క ఊరి హెడ్మాస్టర్ దగ్గర ఉంటుంది, ఆయన బదిలీ అయితే అదీ తెలీదు. రెండు మూడు వానాకాలాలు గడిస్తే స్లాబు కారుతుంది, ఫ్యాన్లు పోతాయి, కిటికీ ఊచలు పోతాయి, వరండాలో గడ్డి మోపులు చేరతాయి, ఆ తర్వాత ఎవరో ఒకరు ప్రహరీ లోపలికి జరుగుతారు. స్థలం ఎప్పుడో ఊరి పెద్ద నోటిమాట మీద ఇచ్చిందైతే, ఇది సర్కారుదని చూపించడానికి కాగితం కూడా దొరకదు.

అదే ఊళ్లో అంగన్‌వాడీ కిరాయి ఇంట్లో నడుస్తుంటుంది. ఒకటే గది, ఓ మూల పొయ్యి, ఇంకో మూల గుడ్ల ట్రేలు, బాలామృతం ప్యాకెట్లు, మధ్యలో చాప మీద పిల్లలు. 2018లో రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు వచ్చాయి, వాటిలో చాలా తండాలకు ఆఫీసు పెట్టుకోవడానికి సొంత గది లేదు. కొత్త బిల్డింగుకు శంకుస్థాపన చేసే ముందు, ఆ ఊళ్లో ఖాళీగా ఏముందో చూసి రాయాలన్న రూలు పెడితే ఏం పోతుంది?

అమ్మేయమని మాత్రం నేను అనను. ఊళ్లో మళ్లీ పిల్లలు పెరిగితే బడి తెరవాలి కాబట్టి, అవసరమైనప్పుడు తిరిగి ఇచ్చేయాలన్న షరతుతోనే వేరే శాఖకు అప్పగించాలి.

మీరు చేయగలిగింది ఒకటుంది. మండల విద్యాధికారి ఆఫీసులో ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. మండలంలో మూతపడ్డ బళ్లు ఏవి, ఎప్పటి నుంచి ఖాళీ, స్థలం ఎవరి పేరు మీద ఉంది, తాళం ఎవరి దగ్గరుంది, ఈ నాలుగే అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితం ఫొటో తీసి కింద కామెంట్లలో మీ మండలం పేరుతో చెప్పండి, ఊరూరా జాబితా మనమే తయారు చేద్దాం.